రోజుకో పద్యం, రోజుకో బొమ్మ: నెల చివరిదాకా లాగడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పద్యాలంటే మీకు ప్రాణం. అక్టోబరులో చాలామంది చేసే ఇంక్టోబర్ అనే ఇంకు బొమ్మల ఛాలెంజ్‌ని వేమన, సుమతి పద్యాలతో చేద్దామని రెండేళ్లుగా మొదలుపెడుతున్నారు. రెండుసార్లూ రెండో వారంలోనే ఆగిపోయింది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది, బొమ్మలు ఎక్కడా నేర్చుకోలేదు. ఈసారి 31 రోజులూ పూర్తవ్వాలంటే ఏం చేయాలి, ఏ పెన్ను, ఏ కాగితం కొనాలి?

పూర్తవుతుందండీ. పద్యాలన్నీ నెల మొదలవ్వకముందే ఎంచి పెట్టుకోండి. ఒక్కో పద్యం పక్కన వేయాల్సిన వస్తువు ఏదో ఒక్క మాటలో రాసుకోండి. పోస్టుకార్డు కంటే పెద్ద కాగితం ముట్టుకోకండి. బొమ్మలు నేర్చుకోలేదన్నది అసలు అడ్డంకే కాదు.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చాలా ఏళ్లు పనిచేశాను. శతక పద్యాలకు పిల్లల చేత బొమ్మలు వేయించడం అప్పటి అలవాటు. రిటైరయ్యాక కొంతమంది పెద్దవాళ్లతో ఏటా ఇదే పని నెల రోజులు చేయిస్తున్నాను. మధ్యలో మానేసేవాళ్లెవరా అని గమనిస్తే, చెయ్యి తిరగనివాళ్ల కంటే పద్యం మీద ప్రేమ ఎక్కువున్నవాళ్లే ముందు జారుకుంటున్నారు. వినడానికి వింతగా ఉంటుంది కానీ కారణం తేలికే.

పద్యం ఇష్టమున్న మనిషి రాత్రి తొమ్మిదికి పుస్తకం తెరుస్తాడు. ఒక పద్యం చదివి బాగుందనుకుంటాడు, పక్కది ఇంకా బాగుంటుంది. నాలుగు పేజీలు తిప్పేసరికి బొమ్మ సంగతి మర్చిపోయి పద్యాల్లో పడిపోతాడు. ఎలాగో ఒకటి ఖాయం చేసుకుంటే, ఇంత గొప్ప భావాన్ని బొమ్మలోకి ఎలా తేవాలనే టెన్షన్ మొదలవుతుంది. పెన్ను పట్టుకునేసరికి పది దాటుతుంది. మొదటి వారం ఉత్సాహం మీద గడిచిపోతుంది. రెండో వారంలో ఒక రోజు ఆఫీసులో తల వాచిపోయి వస్తాం, ఆ రాత్రి పుస్తకం తెరవాలంటేనే భయం వేస్తుంది. అక్కడితో సరి.

అంటే మీరు రోజూ చేస్తున్నది ఒక పని కాదు, మూడు: ఎంచుకోవడం, ఆలోచించడం, గీయడం. మొదటి రెండూ ఒక ఆదివారం కూర్చుని ముగించేస్తే రోజూ మిగిలేది గీయడం ఒక్కటే. ధనుర్మాసంలో మన ఆడవాళ్లు నెలంతా రోజుకో ముగ్గు వేస్తారు కదా, ఎవరూ దాన్ని ఛాలెంజ్ అనలేదు. రేపటి ముగ్గేదో రాత్రే నోట్‌బుక్కులో చుక్కలు లెక్కపెట్టుకుని ఉంచుకునేవాళ్లకి పొద్దున వాకిట్లో తడబాటు ఉండదు. మీకు కావలసింది అలాంటి నోట్‌బుక్కే.

పద్యాలు ఎలా ఎంచాలి

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నచ్చిన పద్యాలు ఎంచకండి. కళ్లకు కనిపించే వస్తువు ఉన్న పద్యాలు ఎంచండి. ఈ రెండూ ఒకటి కాదు. సుమతి శతకంలో 'వినదగు నెవ్వరు చెప్పిన' అందరికీ నచ్చే పద్యమే, కానీ అందులో గీయడానికి ఏముంది? మహా అయితే ఒక చెవి వేయగలరు. అదే శతకంలో 'ఎప్పుడు సంపద కలిగిన' పద్యం తీసుకోండి. నిండిన చెరువు, దాని చుట్టూ చేరిన కప్పలు. బొమ్మ రానివాళ్లు కూడా నాలుగు కప్పలు వేసేస్తారు. అవి వంకరగా వస్తే ఇంకా బాగుంటాయి, చుట్టాల్లాగే ఉంటాయి.

వేమనతో ఒక సౌకర్యం ఉంది. ఆయన ఆటవెలదుల్లో చాలావాటికి మొదటి రెండు పాదాల్లో మాట చెప్పి, మూడో పాదంలో పోలిక తెచ్చి, నాలుగో పాదంలో మకుటం పెడతాడు. మూడో పాదం గీయండి, మొదటి రెండూ వదిలేయండి. 'అనువుగాని చోట' పద్యంలో మూడో పాదం ఏమిటి? అద్దంలో చిన్నదిగా కనిపించే కొండ. చేతి అద్దం, అందులో బుల్లి కొండ, అంతే బొమ్మ. అధికులమనరాదు అన్న నీతిని గీయబోతే గర్వంగా నిలబడ్డ మనిషి, వాడి చుట్టూ జనం, వాడి ముఖంలో భావం, ఇలా ఎక్కడికో పోతుంది. అద్దం, కొండ అయితే ఇరవై నిమిషాల్లో తేలిపోతాయి, పైగా చూసినవాడికి పద్యం వెంటనే గుర్తొస్తుంది.

మూడో పాదం సూత్రం అన్నిచోట్లా పనిచేయదు, ఆ సంగతీ చెప్పాలి. 'ఉప్పు కప్పురంబు'లో పోలికే ముందొస్తుంది, నీతి మూడో పాదంలో ఉంటుంది. 'గంగిగోవు పాలు'లో గరిటె, కడవ మొదటి రెండు పాదాల్లోనే వచ్చేస్తాయి. 'చెప్పులోన రాయి' అయితే మొదటి రెండు పాదాల నిండా వస్తువులే: చెప్పులో రాయి, చెవిలో జోరీగ, కంట్లో నలుసు, కాల్లో ముల్లు. దానికి కార్డుని నాలుగు గళ్లు చేసి గడికో వస్తువు వేయండి. సుమతి కంద పద్యాల్లో పోలిక తరచుగా రెండో సగంలో ఉంటుంది, చలిచీమలకు చిక్కిన పాము అలాంటిదే. బంగారు సింహాసనం మీద కుక్క మాత్రం మొదటి సగంలోనే కూర్చుంటుంది.

తేలికనిపించి చేతికొచ్చేసరికి మొండికేసే పద్యాలు కొన్ని ఉన్నాయి. ఉప్పూ కర్పూరమే చూడండి. రెండూ తెలుపు, మీ దగ్గరున్నది నల్ల ఇంకు. పొడిని పొడిలా వేస్తే రెండు చుక్కల కుప్పలు కనిపిస్తాయి, ఏది ఏదో ఎవరికీ తెలియదు. మా గ్రూపులో ఒకామె దీన్ని చక్కగా విప్పింది. ఒక కుప్పని ఊరగాయ జాడీ పక్కన పెట్టింది, రెండోదాన్ని హారతి పళ్లెంలో పెట్టి చిన్న మంట గీసింది. వస్తువుని గుర్తుపట్టించేది దాని పక్కనున్న వస్తువే. 'అల్పుడెపుడు పల్కు'లో కంచు మోగుతుంది, కనకం మోగదు. మరి చప్పుడుని ఎలా వేస్తారు? కంచు పళ్లెం నేలమీద పడి తిరుగుతున్నట్టు చుట్టూ వంపు గీతలు వేసి, ఉంగరం చుట్టూ ఖాళీ కాగితం వదిలేయండి. కంచు పక్క గీతలు కిక్కిరిసి ఉండాలి, బంగారం పక్క ఒక్క గీతా ఉండకూడదు.

ఇంకో జాగ్రత్త. శతకాల్లో ఆడవాళ్ల గురించీ కులాల గురించీ ఇవాళ నోటితో చదవడానికే ఇబ్బందిగా ఉండే పద్యాలు కూడా ఉన్నాయి, వేమన పేరుతో దొరికేవాటిలోనూ ఉన్నాయి. ఏ రోజుకారోజు పుస్తకం తెరిచే పద్ధతిలో అలసిపోయి ఉన్న రాత్రి అలాంటిదే ఎదురైతే ఆ రోజు పోయినట్టే. ముందే జల్లెడ పట్టేస్తే ఈ గొడవ ఉండదు.

శతకాలే అక్కర్లేదు, ఆధునిక కవిత్వంతో చేస్తానంటే కూడా బాగానే ఉంటుంది, కానీ కవిత పూర్తి పాఠాన్ని బొమ్మతో పాటు నెట్‌లో పెట్టేముందు కాపీరైటు చూసుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల వరకూ హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కృష్ణశాస్త్రి 1980లో, శ్రీశ్రీ 1983లో పోయారు, ఈ లెక్కన ఒకరికి 2040 చివరిదాకా, ఇంకొకరికి 2043 చివరిదాకా హక్కులు ఉన్నట్టే. వాళ్ల కవితలు చదివి బొమ్మ వేసుకోండి, పాఠం మాత్రం ఎక్కించకండి.

మనుషుల్ని వేయకండి

ఇది నా మొండి అభిప్రాయం, నచ్చకపోతే వదిలేయండి. తెలుగువాళ్లం ఆడపిల్ల బొమ్మ మొదలుపెడితే అది బాపు గారి అమ్మాయి అయిపోతుంది. వాలు జడ, పెద్ద కళ్లు, ఓరచూపు. ఆయన గీతని అంతగా చూస్తూ పెరిగాం. ఆ అమ్మాయి ఆయన చేతిలో ఒక్క గీతలో వచ్చేది, మనకి పది సార్లు చెరిపినా రాదు. చెరిపే కొద్దీ రాత్రి కరిగిపోతుంది. మొదటి నెల కుండలు, కప్పలు, చెప్పులు, వేపాకులు, మేడిపండ్లు వేయండి. మనిషి తప్పనిసరి అయితే ఒక చెయ్యో, ఒక పాదమో చాలు.

వరుస

31 పద్యాలూ దొరికాక పుస్తకంలో ఉన్న వరుసలో పెట్టకండి. 8 నుంచి 14వ తేదీ దాకా అన్నిటికంటే తేలికైనవి వేసుకోండి. మీరు రెండుసార్లు పడిపోయింది అక్కడే కదా. కోసిన మేడిపండు, గరిటె, వేపరెమ్మ లాంటి ఒక్క వస్తువుతో అయిపోయేవన్నీ అక్కడ సర్దండి. చీమలు చుట్టుముట్టిన పాము, చెరువు నిండా కప్పలు లాంటివి ఆదివారాలకు ఉంచండి. చివరి వారం ఎలాగూ పూర్తవుతోందన్న ఊపు ఉంటుంది, మీకు బాగా ఇష్టమై గీయడానికి కష్టమైనవి అక్కడ పెట్టుకోవచ్చు.

నెల విషయంలో కూడా ఒక మాట. అక్టోబరే ఎందుకు? ఈ ఇంక్టోబర్ అనేది జేక్ పార్కర్ అనే అమెరికన్ చిత్రకారుడు తన ఇంకు పని మెరుగుపరుచుకోవడానికి 2009లో మొదలుపెట్టుకున్నది. ఆయనకి అక్టోబరు కుదిరింది. మనకి తరచూ దసరా, ఒక్కోసారి దీపావళి కూడా ఆ నెలలోనే పడతాయి, ఇంటినిండా చుట్టాలు, ఊరి ప్రయాణాలు. నన్నడిగితే ఆషాఢం మంచిది. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, సాయంత్రాలు మీవే. సరదాకి అంటున్నాననుకోకండి, మా గ్రూపు ఆషాఢానికి మారాక చివరిదాకా నిలిచేవాళ్లు పెరిగారు.

రోజూ కుదరదనిపిస్తే రోజు విడిచి రోజు చేయండి. ఇంక్టోబర్ నియమాల్లోనే రోజు విడిచి రోజు వేసే పద్ధతి, వారానికొకటి వేసే పద్ధతి కూడా ఉన్నాయి. కాకపోతే ఆ నిర్ణయం మొదటి తేదీకి ముందే తీసుకోవాలి. తొమ్మిదో రోజున అలసిపోయి తీసుకుంటే అది మానేయడానికి ముద్దు పేరు.

ఒక రోజు తప్పితే

తప్పుతుంది. జ్వరం రావచ్చు, కరెంటు పోవచ్చు. అప్పుడు మర్నాడు రెండు వేసి సరిపెడదామని మాత్రం అనుకోకండి. చాలామంది ఆగిపోయేది ఒక రోజు తప్పినందుకు కాదు, బాకీ తీర్చబోయి. రెండు వేయాల్సిన రోజున ఒకటి కూడా పడదు, మూడో రోజుకి బాకీ మూడవుతుంది. తప్పిన తేదీని ఖాళీగా వదిలేసి ఆ రోజు పద్యం ఆ రోజుకే వేయండి. మిగిలిపోయిన పద్యాన్ని జాబితా చివరకు తోసేయండి. నెల 33 రోజులైతే మనల్ని అడిగేవాడెవడు?

పూర్తి కాకపోతే పరువు పోతుందనే బెంగ ఉంటే జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ సంగతి చెబుతాను. జపాన్‌లో నూరుగురు కవుల నూరు పద్యాల సంకలనం ఒకటి చాలా ప్రసిద్ధం. డెబ్బై దాటిన వయసులో, 1835 ప్రాంతంలో, హొకుసాయ్ ఆ నూరు పద్యాలకూ బొమ్మలు తలపెట్టాడు. అచ్చు వేసేవాళ్ల ఆర్థిక ఇబ్బందుల్లో పడి పాతిక పైచిలుకు మాత్రమే అచ్చయ్యాయి, మిగిలినవాటిలో చాలావాటికి ఆయన గీసిన చిత్తు చిత్రాలు ఉన్నాయి. నాకు ఆ వరుసలో నచ్చేది దాని ఎత్తుగడ. పిల్లలకి ఒక దాది ఆ పద్యాలను వివరించినట్టు అని పేరు పెట్టాడు. పండితుడి అర్థం జోలికి పోకుండా, దాదికి తోచినట్టు పొలం పనులు, పడవలు, ఊరి మనుషులు వేశాడు. పద్యానికి బొమ్మ వేయడంలో ఆ స్వేచ్ఛ మీరూ తీసుకోవచ్చు. పద్యం కింద మీకు వెంటనే తోచిన మొదటి వస్తువే వేయండి, టీకా తాత్పర్యాలు తర్వాత చూసుకోవచ్చు.

రోజువారీ పని

భోజనం అయ్యాక అరగంట పెట్టుకోండి, ఫోన్లో అలారం పెట్టండి. ఐదు నిమిషాలు పెన్సిల్, పదిహేను నిమిషాలు ఇంకు, మిగిలింది ఆరడానికి. ఇంకు ఆరకుండా రబ్బరు పెట్టకండి, సాయంత్రం పనంతా మసి అవుతుంది. తొందరగా ఉంటే పెన్సిల్ గీతలు మర్నాడు పొద్దున చెరిపినా నష్టం లేదు.

ప్రతి బొమ్మలో ఏదో ఒక భాగాన్ని పూర్తిగా నల్లగా నింపండి. కుండ లోపలి చీకటో, చెట్టు నీడో, కప్ప వీపో. గీత బలహీనంగా ఉన్నా ఒక్క ముద్ద నలుపు బొమ్మని నిలబెడుతుంది. మొదటిసారి వేసేవాళ్లు అంతా సన్న గీతలతో నింపి, ఎందుకు తేలిపోతోందో తెలియక నిరుత్సాహపడతారు.

బొమ్మ మీదే పద్యం రాయాలనుకుంటే ముందు అక్షరాలు, తర్వాత బొమ్మ. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. రెండు వరుసల మధ్య అక్షరం ఎత్తుకి సమానంగానైనా ఖాళీ వదలకపోతే పై పాదం ఒత్తు కింది పాదం గుడికి తగులుతుంది. బొమ్మ వేశాక మిగిలిన జాగాలో నాలుగు పాదాలు ఇరికించాలని చూస్తే ఆ గజిబిజి తప్పదు. చిన్న కార్డు మీద పద్యమంతా పట్టదు కూడా. ఎత్తుగడ మాటలు రెండు మూడు చాలు, తెలుగువాడు మిగతాది నోట్లో పూర్తి చేసుకుంటాడు.

బొమ్మలు నలుగురికీ చూపించాలనుకుంటే ఏ రోజుకారోజు కాకుండా వారానికోసారి ఏడూ కలిపి పెట్టండి. రోజూ పెడితే లైకులు చూసుకోవడానికే అరగంట పోతుంది. ఎన్ని పెట్టినా ఒకాయన వచ్చి పాఠం తప్పని, ఇంకొకాయన వచ్చి అసలది వేమన పద్యమే కాదని అంటారు, సిద్ధంగా ఉండండి. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన దగ్గర్నుంచి ఎన్నో సంకలనాలు వచ్చాయి, పాఠాలు ఒకదానితో ఒకటి కలవవు. ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని అందులో ఉన్నట్టే రాయండి, అడిగితే ఆ పుస్తకం పేరు చెప్పండి. వాదనకి దిగితే ఆ రాత్రి బొమ్మ పడదు.

పెన్ను, కాగితం

ఖర్చు తక్కువలోనే చెబుతాను. 150 జీఎస్ఎమ్ (కాగితం మందాన్ని చెప్పే కొలత) కార్ట్రిడ్జ్ షీట్లు, అంటే బొమ్మలకి వాడే మందపాటి కాగితాలు, ఏ4 సైజువి ఎనిమిది కొనండి. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేస్తే 32 కార్డులు వస్తాయి, 31 పోను ఒకటి అదనం. నెల మొదలవ్వకముందే అన్నీ కోసి, వెనకాల తేదీ, పద్యం ఎత్తుగడ, వస్తువు పేరు రాసి వరుసగా పేర్చి పెట్టుకోండి. రోజూ పైనున్న కార్డు తీయడమే. మామూలు జిరాక్సు కాగితం వద్దు, నలుపు నింపగానే ఇంకు వెనక్కి దిగి కాగితం ముడుచుకుంటుంది.

పెన్నులు రెండు చాలు. గీతకి 0.3 లేదా 0.5 ఫైన్‌లైనర్ (సన్న మొన ఇంకు పెన్ను) ఒకటి, నలుపు నింపడానికి లావు మార్కరో బ్రష్ పెన్నో ఒకటి. ఫైన్‌లైనర్ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉందో లేదో చూసుకోండి, తర్వాత ఎప్పుడైనా పైన రంగు పూయాలనిపిస్తే పనికొస్తుంది. ఇంట్లో జెల్ పెన్ను ఉంటే దాంతోనే మొదలుపెట్టినా ఫరవాలేదు, అరచేయి తగిలి అలుక్కుపోకుండా కింద ఇంకో కాగితం ముక్క పెట్టుకోండి. ఫౌంటెన్ పెన్ను వాడాలని సరదా ఉంటే దాని ఇంకే పోయండి, సీసాలో దొరికే ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి. అది లోపల గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. ఇండియన్ ఇంకుకి కుంచె గానీ ముంచి రాసే పాళీ గానీ వాడాలి, వాడిన వెంటనే నీళ్లలో కడిగేయాలి.

జాబితా తయారయ్యాక ఇక్కడ పెట్టండి. ఏ పద్యానికి ఏ వస్తువు తీయాలో తట్టనివాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, నాకు తోచింది చెబుతాను.